ప్లాటినం దగ్గరే ఆగిపోయాను, చదువు ఆపి ఆట మీద కూర్చోనా?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లెటూరు. నాన్న రొయ్యల చెరువులు సాగు చేస్తారు. నేను నెల్లూరులో హాస్టల్లో ఉండి బీటెక్ ఈసీఈ రెండో సంవత్సరం చదువుతున్నాను. ల్యాప్‌టాప్‌లో స్ట్రీట్ ఫైటర్ 6 అనే ఫైటింగ్ వీడియో గేమ్ ఆడతాను. నా క్యారెక్టర్ కెన్. రోజూ రాత్రి పది నుంచి రెండు దాకా ఆడుతున్నా ఎనిమిది నెలలుగా ప్లాటినం ర్యాంకు దాటలేకపోతున్నాను. యూట్యూబ్‌లో చూసిన కాంబోలన్నీ ట్రైనింగ్ మోడ్‌లో వస్తాయి, మ్యాచ్‌లో రావు. రెండు సబ్జెక్టులు తప్పాను. నాన్న ల్యాప్‌టాప్ ఇంట్లో పెట్టి వెళ్ళమంటున్నారు. దీన్నే కెరీర్‌గా తీసుకోవాలని ఉంది మేడమ్. ఎలా సాధన చేయాలి? ఒక ఏడాది చదువు ఆపితే తప్పా?

జవాబు: నీ చివరి ప్రశ్నకు ముందే జవాబు చెబుతాను. ఆపవద్దు. ఎందుకో తర్వాత రాస్తాను, ఆ కారణం నీకూ నచ్చుతుందనుకుంటున్నాను. ముందు ఆట సంగతి.

నీ ఉత్తరంలో ఎన్ని గంటలు ఆడుతున్నావో ఉంది, ర్యాంకు ఉంది, కాంబోలు ఉన్నాయి. ఎలా ఓడుతున్నావో మాత్రం ఒక్క ముక్క లేదు. దూకి వచ్చి కొడుతున్నారా, దగ్గరకు నడిచి వచ్చి థ్రో చేస్తున్నారా (పట్టుకుని విసిరేస్తున్నారా), మూలకు నెట్టి ఊపిరాడనివ్వడం లేదా? ఎనిమిది నెలలు ఆడినవాడికి ఇది నోటి చివర ఉండాలి. లేదంటే ఆ నాలుగు గంటలూ మ్యాచ్ తర్వాత మ్యాచ్ నొక్కుకుంటూ పోతున్నావన్నమాట. అలా ఆడితే ఉన్న అలవాట్లే గట్టిపడతాయి, చెడ్డవి కూడా.

కాంబోల దగ్గర మొదలుపెడదాం. కాంబో అంటే వరసగా తగిలే దెబ్బలు, అది మొదటి దెబ్బ తగిలిన తర్వాతి వ్యవహారం. ట్రైనింగ్ మోడ్‌లో బొమ్మ కదలకుండా నిలబడుతుంది, దెబ్బ తగులుతుందని నీకు ముందే తెలుసు. మ్యాచ్‌లో తగిలిందా, బ్లాక్ అయిందా అని కంటితో చూసి తేల్చుకోవాలి. అది తేలేలోగా నీ వేళ్ళు అలవాటు కొద్దీ మిగతాదంతా నొక్కేస్తాయి, ఎదుటివాడు తీరిగ్గా బ్లాక్ చేసి తిరిగి కొడతాడు. ఇందుకు మందు ట్రైనింగ్ మోడ్‌లోనే ఉంది. బొమ్మ గార్డు సెట్టింగును ర్యాండమ్‌లో పెట్టు. ఒకసారి బ్లాక్ చేస్తుంది, ఒకసారి చేయదు. తగిలినప్పుడే కాంబో పూర్తి చెయ్యి, బ్లాక్ అయితే అక్కడే చేతులు ఆపు. ఆటగాళ్ళు దీన్ని హిట్ కన్‌ఫర్మ్ అంటారు. మొదటి వారం విసుగు పుడుతుంది, పుట్టనీ. యూట్యూబ్ కాంబోలన్నీ పక్కన పెట్టి ఈ నెలకు రెండే ఉంచుకో. చిన్న దెబ్బల నుంచి వచ్చేది ఒకటి, ఎదుటివాడు పెద్ద తప్పు చేసినప్పుడు శిక్ష వేయడానికి ఒకటి. ప్లాటినం దాటడానికి మూడోది అక్కర్లేదు.

ఇక నువ్వు బాగా అర్థం చేసుకోవలసినది ఫ్రేముల లెక్క. ఈసీఈ వాడివి కాబట్టి ఇట్టే ఎక్కుతుంది. ఆట సెకనుకు 60 ఫ్రేములతో, అంటే 60 తెర చిత్రాలతో నడుస్తుంది, అంటే ఒక ఫ్రేము దాదాపు 16.7 మిల్లీసెకన్లు. కంటికి కనబడినదానికి చేయి స్పందించడానికి మామూలు మనిషికి సుమారు పావు సెకను, అంటే 15 ఫ్రేములు పడుతుంది. స్ట్రీట్ ఫైటర్ 6లో అతి వేగమైన చిన్న పంచ్ నాలుగు ఫ్రేముల్లో తగులుతుంది. దాన్ని చూసి ఆపగలిగినవాడు భూమ్మీద లేడు. డ్రైవ్ ఇంపాక్ట్ అనే బరువైన దెబ్బ తగలడానికి 26 ఫ్రేములు పడుతుంది. అది చూసి ఆపగలం, కానీ ఆ క్షణంలో నీ బుర్ర వేరే ఆలోచనలో ఉంటే ఆపలేం. ఒక గెంతు నేలకు దిగేసరికి 40 ఫ్రేములు దాటుతుంది. దాన్ని ప్రతిసారీ చూసి కొట్టవచ్చు, కొట్టి తీరాలి.

ఈ లెక్క తెలిశాక సాధన రెండు దారులుగా విడిపోతుంది. చూసి స్పందించగలిగినవన్నీ చేతికి అలవాటు చేయాలి. చూడలేనివాటికి ఎదుటివాడి అలవాటు పసిగట్టాలి. నీలాంటివాళ్ళు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. చూడలేని పంచ్‌ను చూసి ఆపాలని కంగారు పడతారు, చూడగలిగిన గెంతును వదిలేస్తారు. బొమ్మకు మూడు పనులు రికార్డు చేసిపెట్టు: దూకి కొట్టడం, నడిచి వచ్చి థ్రో చేయడం, డ్రైవ్ ఇంపాక్ట్. మూడింటినీ వరస లేకుండా ఆడించు. రోజూ మ్యాచ్‌లకు ముందు పదిహేను నిమిషాలు ఇదే. దూకితే గాలిలోనే దించు, డ్రైవ్ ఇంపాక్ట్ వస్తే నీ డ్రైవ్ ఇంపాక్ట్‌తో తిప్పికొట్టు, థ్రో వస్తే విడిపించుకో. ఒక్కొక్కటీ విడిగా సాధన చేస్తే అన్నీ వస్తాయి. కలిపి ఇచ్చినప్పుడు ఏది జారిపోతోందో అదే నీ జబ్బు.

కెన్ ఆడేవాళ్ళలో మామూలుగా కనబడే ఇంకో జబ్బు కూడా చెబుతాను. కింద పడి లేస్తూ షోర్యూకెన్, అంటే పైకి ఎగురుతూ కొట్టే పంచ్, కొట్టడం. డ్రైవ్ మీటరులో (ప్రత్యేక దెబ్బలకు ఖర్చయ్యే శక్తి) రెండు గడులు ఖర్చు పెట్టి కొడితే దానికి తిరుగులేదు, నిజమే. కానీ ఎదుటివాడు ఆగి బ్లాక్ చేశాడా, నువ్వు గాలిలోంచి దిగేలోగా తన ఇష్టమొచ్చిన కాంబో మొదలుపెట్టుకుంటాడు. ప్లాటినంలో చాలామంది రెండో రౌండుకల్లా నీ షోర్యూకెన్ కోసం కాచుకుని ఉంటారు. ఒక వారం పాటు లేస్తూ షోర్యూకెన్ కొట్టనని ఒట్టు పెట్టుకో. ర్యాంకు పడుతుంది, పడనీ. బ్లాక్ చేస్తూ ఓపిక పట్టడం, థ్రో విడిపించుకోవడం ఆ వారంలోనే వస్తాయి.

అన్నిటికన్నా ముఖ్యమైన పని రీప్లే చూడటం. మీ నాన్నగారు మేత చల్లి ఇంటికి వచ్చి పడుకోరు కదా. కాసేపయ్యాక చెక్ ట్రే పైకి లాగి, మేత ఎంత మిగిలింది, రొయ్య ఎలా ఉంది అని చూసి, తర్వాతి పూట మేత తగ్గించాలో పెంచాలో తేల్చుకుంటారు. నువ్వు నాలుగు గంటలు మేత చల్లి, ట్రే ఎత్తకుండానే నిద్రపోతున్నావు. రోజూ ఓడిన మ్యాచ్ ఒక్కటి తీసుకో. రీప్లేలో నువ్వు ఏ బటన్ ఎప్పుడు నొక్కావో కూడా తెర మీద చూసుకోవచ్చు. ప్రాణం పోగొట్టిన దెబ్బ దగ్గర ఆగకు, దానికి ముందు రెండు మూడు సెకన్లు వెనక్కి వెళ్ళు. అక్కడ నువ్వు నొక్కినదేమిటి? నొక్కకుండా ఉంటే ఏమయ్యేది? ఒక్క వాక్యంలో నోట్‌బుక్‌లో రాసుకో. 'మూలలో ఇరుక్కోగానే దూకాను' అన్న వాక్యం వారంలో నాలుగుసార్లు కనబడిందనుకో, మర్నాటి ట్రైనింగ్ మోడ్‌లో ఏం చేయాలో ఇంకెవరినీ అడగనక్కర్లేదు.

దీనికి నాలుగు గంటలు ఎందుకు? గంటంబావు చాలు. సాయంత్రం ఏడున్నరకు మొదలుపెట్టి తొమ్మిదిలోపు ముగించు. రాత్రి ఒంటిగంటకు నీ స్పందన పావు సెకను దగ్గర ఉండదు, ఇంకా మందగిస్తుంది. నిద్ర తక్కువైతే ఆ రోజు నేర్చుకున్నది కూడా సరిగ్గా నిలవదు. మణికట్టు నొప్పి పెడితే ఆ పూట ఆట మానెయ్, ఓర్చుకుని ఆడితే ఘనకార్యమేమీ కాదు.

హాస్టల్ వైఫై మీద ఆడుతున్నావనుకుంటాను. వీలైతే ల్యాన్ వైరు వాడు. ఈ ఆటలో నీ కంప్యూటరూ ఎదుటివాడి కంప్యూటరూ నేరుగా మాట్లాడుకుంటాయి, కాబట్టి అతను ఎంత దూరంలో ఉన్నాడన్నది ముఖ్యం. చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ ఆటగాళ్ళతో ఆడితే నీ సాధన ఫలితం సరిగ్గా కనబడుతుంది. వాళ్ళలో నీకన్నా కొంచెం మెరుగైనవాణ్ణి ఒకణ్ణి పట్టుకుని, వారానికోసారి ఎవరు ముందు పది గెలిస్తే వాళ్ళదే అన్న పద్ధతిలో ఆడు. ర్యాంకు మ్యాచ్‌లలో రెండు మూడు ఆటలకే ఎదుటివాడు మారిపోతాడు. ఆరో ఆటకు నీ అలవాటు అతనికి తెలిసిపోయి, నువ్వు మార్చుకోక తప్పని స్థితి వస్తుందే, అది అక్కడ దొరకదు.

లాహోర్‌కు చెందిన అర్స్‌లాన్ యాష్ కథ నీకు తెలిసే ఉంటుంది. 2019 దాకా టెక్కెన్ అనే మరో ఫైటింగ్ గేమ్ ప్రపంచానికి అతనెవరో పెద్దగా తెలియదు. ఈవో అంటే ఫైటింగ్ గేమ్‌ల పెద్ద టోర్నమెంట్. ఆ ఏడాది ముందు ఈవో జపాన్, తర్వాత అమెరికాలో జరిగిన ఈవో, రెండూ గెలిచాడు. రెండోదాని ఫైనల్లో ఓడించింది 'నీ' (Knee) అనే పేరుతో ఆడే కొరియా దిగ్గజాన్ని. మా దేశంలో గట్టి ఆటగాళ్ళు ఇంకా ఉన్నారని అతనే చెప్పాడు. పెద్ద టోర్నమెంట్లకు దూరంగా ఉన్నా, ఊళ్ళో రోజూ తలపడే గట్టి జోడీలు ఉంటే ఎంత ఎదగవచ్చో అతన్ని చూసి ప్రపంచానికి తెలిసింది. నెల్లూరులో నీకు అలాంటి ఇద్దరు దొరికితే చాలు, ఒంటరిగా ఆడే నాలుగు గంటలకన్నా విలువైనది అది.

ఇప్పుడు కెరీర్ మాట. 2024లోనూ 2025లోనూ, ఈ ఆట తయారుచేసే క్యాప్‌కామ్ సంస్థ నిర్వహించే క్యాప్‌కామ్ కప్ విజేతకు పది లక్షల డాలర్లు ఇచ్చారు. నీ కళ్ళ ముందు ఆ అంకె ఉందని నాకు తెలుసు. అది ఏడాదికి ఒక్క మనిషికి. మన దేశంలో ఈ ఆట ఆడి నెలనెలా జీతం తీసుకునే దారి ఇంకా సన్నగానే ఉంది, దాన్ని నమ్ముకుని చదువు ఆపమని నేను ఎవరికీ చెప్పను.

అయితే ఆపవద్దనడానికి నా అసలు కారణం ఇది కాదు. 'ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు' అనుకుంటున్నావు చూడు, ఈ రకం ఆటల్లో ఆ మాట నిజం కాదు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ స్వర్ణం గెలిచిన దక్షిణ కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్‌వూకు అప్పుడు 44 ఏళ్ళు. నీ వయసుకు రెట్టింపు కన్నా ఎక్కువ. 2017 ఈవోలో స్ట్రీట్ ఫైటర్ గెలిచిన జపాన్ ఆటగాడు తోకిదో టోక్యో విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకున్నాకే పూర్తికాలం ఆటకు వచ్చాడు. హాంగ్‌ఝౌలో మన దేశం తరఫున మయాంక్ ప్రజాపతి, అయాన్ బిశ్వాస్ ఆడారు. పతకం రాలేదు, కానీ ఆ స్థాయికి దారి ఉందని తేలింది. నీ డిగ్రీ ఇంకా రెండేళ్ళు పైచిలుకు. ఆ రెండేళ్ళలో ఆట ఎక్కడికీ పోదు, తప్పిన సబ్జెక్టులు మాత్రం పేరుకుపోతాయి. ముందు ఆ రెండూ రాసి గట్టెక్కు. పరీక్షల ముందు మూడు వారాలు మ్యాచ్‌లు పూర్తిగా ఆపి, పదిహేను నిమిషాల ట్రైనింగ్ మోడ్ ఒక్కటే ఉంచుకో. చేయి మరచిపోదు.

మీ నాన్నగారి భయం గురించి ఒక మాట. పత్రికల్లో డబ్బు పెట్టి ఆడే రమ్మీ వగైరాలతో కుటుంబాలు కూలిన వార్తలు ఆయన చదివి ఉంటారు. మన రాష్ట్రం వాటిని 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం కూడా డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ, ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. నువ్వు ఆడేది రెండో కోవకు చెందినదని ఆయనకు నిదానంగా చెప్పు. నోట్‌బుక్ చూపించు. ఆటలో పందెం కాసే స్నేహితులుంటే మాత్రం ఆయన పక్షానే ఉంటాను.

ఇక నీ బ్రాంచికి ఈ ఆటకు ఉన్న సంబంధం నీకు తట్టినట్టు లేదు. ఈ ఆటల్లో ఇప్పుడు చాలామంది స్టిక్ లేకుండా బటన్లతోనే దిశలు నొక్కే లీవర్‌లెస్ కంట్రోలర్ వాడుతున్నారు. దాన్ని సొంతంగా చేసుకోవచ్చు. కొన్ని వందల రూపాయలకు వచ్చే రాస్ప్‌బెర్రీ పై పికో బోర్డు, బటన్లు, వాటికి వైర్లు, పైన బోర్డును నడిపే జీపీ2040-సీఈ అనే ఫర్మ్‌వేర్. అది ఉచితం, సోర్స్ కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. ఎడమ, కుడి ఒకేసారి నొక్కితే ఏమీ నొక్కనట్టు లెక్కించాలని క్యాప్‌కామ్ టోర్నమెంట్ల నియమం. ఆ తర్కం కోడ్‌లో ఎక్కడ ఉందో వెతుకు, మార్చి చూడు. బటన్ నొక్కిన క్షణానికీ కంప్యూటర్‌కు సంకేతం అందే క్షణానికీ మధ్య ఎన్ని మిల్లీసెకన్లు పడుతోందో కొలువు. ఎంబెడెడ్ ఉద్యోగాల ఇంటర్వ్యూలో అడిగేది దాదాపు ఇదే, నువ్వు ఇష్టంతో చేసి ఉంటావు కాబట్టి చెప్పడానికి తడుముకోవు. మూడో సంవత్సరంలో మినీ ప్రాజెక్టు పేర్లు ఇవ్వమన్నప్పుడు నీ గైడ్ దగ్గర ముందు ఈ ప్రతిపాదన పెట్టు. ల్యాప్‌టాప్ ఇంట్లో పెట్టి వెళ్ళమన్న మీ నాన్నగారికి కూడా, ఆ బోర్డు తీసుకెళ్ళి ఏం చేస్తున్నావో చూపించు.