జర్మనీ డబ్బాలో కార్జం ముద్ద

ప్రశ్న: మా చిన్నాడు జర్మనీలో చదువుకుంటున్నాడండి, సంక్రాంతికి వస్తా ఒక డబ్బా తెచ్చాడు, లేబర్‌వుర్స్ట్ అంట, కార్జంతో చేస్తారంట, బ్రెడ్డు మీద రాసుకుని తినాలంట. మా పెద్ద కోడలికి ఐదో నెల, రక్తం తక్కువుందన్నారు డాక్టరుగారు. కార్జం తింటే రక్తం పడుతుంది కదా, రోజూ రెండు చెంచాలు పెట్టొచ్చాండి?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: వద్దండి. ముందా డబ్బా తీసుకెళ్ళి పై అరలో పెట్టేసి వచ్చి, అప్పుడు మిగతాది చదవండి.

లేబర్ అంటే వాళ్ళ భాషలో కార్జం, వుర్స్ట్ అంటే సాసేజ్. పంది కార్జం, పంది మాంసం, బోలెడు కొవ్వు, ఉల్లిపాయ, మిరియాలు కలిపి మెత్తగా రుబ్బి ఉడికిస్తారు. మనవాళ్ళకి సరదాగా ఉండే సంగతి ఒకటుందండోయ్, ఇందులో వాళ్ళు తప్పకుండా వేసే ఆకు మార్జోరమ్, అది ఇంకేదో కాదు, మన మరువమే, కడియంలో కనకాంబరాలతో కలిపి దండలు కడతారు చూడండి, అదే. మనం జడలో పెట్టుకునేది వాళ్ళు కార్జంలో వేసుకుంటారు.

ఇప్పుడు లెక్క. వంద గ్రాముల్లో సుమారు 320 క్యాలరీలు, 14 గ్రాముల ప్రొటీను, 28 గ్రాముల కొవ్వు, 6 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటాయి. వంద గ్రాములు ఎవరూ తినరు కాబట్టి ఒక పెద్ద చెంచా, అంటే 20 గ్రాములు అనుకుందాం. అందులో ఐరన్ మిల్లీగ్రాముంపావు మించదు, హైదరాబాద్ పోషకాహార సంస్థ వాళ్ళు 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం ఆడవాళ్ళకి రోజుకి 29 కావాలి, అంటే ఏ మూలకీ రాదన్నమాట. విటమిన్-ఏ అయితే అదే చెంచాలో సుమారు 1600 మైక్రోగ్రాములు వచ్చేస్తుంది, ఆడవాళ్ళకి రోజుకి కావాల్సింది 840. మీరన్న రెండు చెంచాలైతే 3200, పెద్దవాళ్ళకి రోజుకి 3000 దాటకూడదంటారు. కడుపుతో ఉన్నప్పుడు కార్జంలో ఉండే ఈ రకం విటమిన్ ఏ మోతాదు మించితే బిడ్డ అవయవాలకి లోపాలు రావచ్చు. అందుకే ఇంగ్లండులో గర్భిణులకి కార్జం, కార్జంతో చేసినవేవీ తినొద్దనే చెప్తారు. పైగా ఫ్రిజ్‌లో పెట్టి అమ్మే రకాల్లో లిస్టీరియా అనే బ్యాక్టీరియా భయం ఒకటి.

మా అమ్మమ్మ రేచీకటికి కార్జం కాల్చి పెట్టేది, ఆవిడ చేసింది తప్పు కాదు, ఆ విటమిన్ ఏ కోసమే కదా. మందెవరికన్నదే తేడా. మేక కార్జం వేపుడైనా కోడలికి ఇప్పుడొద్దు. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ మాత్రలు మానకుండా వేసుకోమనండి, మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగనివ్వకండి, ఆ టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు.

ప్రశ్న: మాకూ ఇలాంటి డబ్బా ఒకటి వచ్చిందండి. మూకుట్లో నూనె వేసి వేపుడు చేద్దామంటే అంతా కరిగి జావైపోయింది. ఎలా తినాలి? ఇంట్లో చేసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: మీరొక్కరే కాదులెండి, మొదటిసారి నేనూ అదే చేశాను, వంటిల్లంతా కొవ్వు వాసన. అది ముందే ఉడికించిన సరుకు, సగం మెత్తదనం కొవ్వుదే, సెగ తగిలితే కరక్కేం చేస్తుంది. చల్లగానే రాసుకోవాలి. జర్మన్లు రై బ్రెడ్డు మీద రాసి పచ్చి ఉల్లిపాయ చక్రాలు, ఆవపిండి ముద్ద, ఊరేసిన దోసకాయ పెట్టుకుంటారు. నన్నడిగితే మన దిబ్బరొట్టి దానికి సరైన జోడీ, అంచు ఎర్రగా కాలిన ముక్క కొంచెం ఆరాక పల్చగా రాసి, పైన ఉల్లిపాయ, నాలుగు చుక్కలు నిమ్మరసం. ఫిలిప్పీన్స్ వాళ్ళయితే ఇలాంటి ముద్దనే మాంసం కూరలో చివర్లో కలిపి పులుసు చిక్కబరుస్తారు, మన కీమాలో ఒక చెంచా వేసి చూడండి, బావుంటుంది. ఉప్పు మాత్రం తగ్గించి వేయండి, డబ్బాలోదే చాలా ఉంటుంది. పంది తినని ఇల్లయితే లేబుల్ చూడాలి, ష్వైన్ అంటే పంది. కాల్బ్ అంటే దూడ, కానీ ఆ పేరున్నవాటిలో కూడా పంది మాంసం మామూలుగా కలుస్తుంది.

ఇంట్లో అయితే పావుకిలో కోడి కార్జాలు తెచ్చుకోండి, కందనకాయలు కలపకుండా ఇమ్మనండి. తెల్ల నరాలు తీసేసి, ఎక్కడన్నా ఆకుపచ్చ మరక కనపడితే అక్కడికి కోసి పారేయండి, అది పిత్తం, ఇంత ఉన్నా మొత్తం చేదైపోతుంది. అరగంట పాలల్లో నానబెట్టి వడకట్టి, వెన్నలో ఉల్లిపాయ మగ్గాక వేసి, విరిస్తే లోపల ఎర్రదనం లేకుండా ఉడికించండి. చల్లారాక మిరియాలు, కాస్త జాజికాయ, రెండు రెబ్బలు మరువం (దండలోది కాదండి, మందులు కొట్టనిది, పెరట్లోదైతే మంచిది), ఇంకో 50 గ్రాముల వెన్న వేసి మిక్సీ పట్టండి. సీసాలో నింపి పైన కరిగిన నెయ్యి పోసి ఫ్రిజ్‌లో పెడితే మూడ్రోజులు. తుపాను వచ్చి పూటంతా కరెంటు లేకపోతే మాత్రం ఆలోచించకుండా పారేయండి. ఇదీ కార్జమే, పైన అమలాపురం వాళ్ళకి చెప్పింది దీనికీ వర్తిస్తుంది.

ప్రశ్న: వయసు 58, యూరిక్ యాసిడ్ ఎక్కువ, బొటనవేలు వాస్తుంది. బీ12 కూడా తక్కువ. ఈ స్ప్రెడ్డు తినొచ్చా?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: బీ12కైతే ఇది బ్రహ్మాండమే, ఒక్క చెంచాతో ఆ రోజుకి సరిపోతుంది. కానీ కార్జంలో ప్యూరిన్లు ఎక్కువ, అవే ఒంట్లో యూరిక్ యాసిడ్‌గా మారతాయి, రాత్రికి మీ బొటనవేలు ఊరుకోదు. బీ12 మాత్ర డాక్టరుగారినడిగి వేసుకోండి, పాలూ గుడ్డూ తీసుకోండి. డబ్బా ఇంకా మూత తీయకపోతే ఎవరికైనా ఇచ్చేయండి, తణుకాయనకి ఎలాగూ ఒకటి జావైపోయింది కదా.