మీరడిగారు: గెంటేసిన నాయకుడు తిరిగొస్తుంటే టీవీలో ఏం చూడాలి?

ప్రశ్న: సార్, నేను జర్నలిజం చదువుతున్నాను. మధ్య అమెరికాలోని హోండురాస్‌లో 2009లో అధ్యక్షుడు మాన్యుయెల్ జెలాయాను సైన్యం దేశం దాటించాక, ఆయన తిరిగి రావడానికి చేసిన ప్రయత్నాలను మీడియా ఎలా చూపించిందో రాయమని ప్రాజెక్టు ఇచ్చారు. పాత వార్తలు తిరగేస్తుంటే ఒక చోట ఇసుక వేస్తే రాలనంత జనం, ఇంకో చోట ఎవరో కొద్దిమంది గొడవ చేసినట్టు ఉంది. రోజూ ఒకటే, ఊరూ ఒకటే. ఎవరిని నమ్మాలి?

జవాబు: జనం లెక్కతో మాత్రం మొదలుపెట్టకండి, అది ఎవరు చెప్పినా తేలదు. ఆ రోజు అక్కడ ఎవరి కెమెరా ఉంది, ఎవరి కెమెరాను ఉండనివ్వలేదు, ముందు అది రాసుకోండి. మిగతాది దాని తర్వాత అర్థమవుతుంది.

2009 జూన్ 28 ఆదివారం. రాజ్యాంగాన్ని కొత్తగా రాసుకునే సభ కావాలా అని నవంబర్ ఎన్నికలతో పాటు జనాన్ని అడగాలన్నది జెలాయా ఆలోచన, అలా అడగొచ్చా లేదా అని ముందుగా అభిప్రాయం తీసుకునే ఓటింగ్ ఆ రోజు పెట్టుకున్నాడు, కోర్టులు వద్దన్నా ఆగలేదు. తెల్లవారకుండానే సైనికులు ఇంట్లోకి వచ్చి, ఒంటి మీద పైజామాతోనే విమానం ఎక్కించి కోస్టారికాలో దింపేశారు. అదే రోజు పార్లమెంటు అధ్యక్షుడు రొబెర్తో మిచెలెట్టి గద్దెనెక్కాడు. రాజధాని టెగుసిగల్పాలో కరెంటు పోయింది, కొన్ని చానళ్లు ఆగిపోయాయి, ఆగనివాటిలో కొన్ని వంటల ప్రోగ్రాములూ సీరియళ్లూ వేసుకున్నాయి, కేబుల్లో సీఎన్ఎన్ స్పానిష్ చానల్, వెనిజులా ప్రభుత్వ డబ్బుతో నడిచే టెలిసుర్ రాకుండా చేశారు. ఇంట్లో టీవీ తప్ప ఇంకో ఆధారం లేనివాళ్లకు దేశంలో ఏం జరుగుతోందో తెలిసే దారే లేకుండా పోయింది.

వారం తిరిగాక, జూలై 5న, జెలాయా వాషింగ్టన్ నుంచి విమానంలో బయల్దేరాడు. పక్కన ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ అధ్యక్షుడు ఉన్నాడు, టెలిసుర్ వాళ్లూ ఉన్నారు, గాల్లోంచే లైవ్. కింద టొంకొంతిన్ విమానాశ్రయం చుట్టూ వేల మంది ఎదురుచూస్తున్నారు. రన్‌వే మీద సైన్యం బళ్లు అడ్డం పెట్టింది. విమానం పైనే చక్కర్లు కొట్టి నికరాగువా వైపు వెళ్లిపోయింది. కంచె దగ్గర కాల్పుల్లో 19 ఏళ్ల కుర్రాడు చనిపోయాడు.

మీ ప్రాజెక్టుకు నేనైతే మర్నాటి పేపర్ దగ్గర ఆగుతాను. ఆ కుర్రాణ్ని జనం చేతుల మీద మోసుకెళ్తున్న ఫొటో ఉంది, తల నుంచి రక్తం కారుతోంది. దేశంలోని పెద్ద పత్రికల్లో ఒకటైన లా ప్రెన్సా ఆ ఫొటోనే వేసింది, కానీ అందులో రక్తం లేదు. మనుషులు వాళ్లే, మోసుకెళ్లడం అదే, కుర్రాడు మాత్రం స్పృహ తప్పి పడిపోయినవాడిలా ఉన్నాడు. అసలు ఫొటో బయటి దేశాల్లో రావడంతో తేడా బయటపడింది, ముద్రణలో దొర్లిన పొరపాటని పత్రిక చెప్పుకుంది. నేనా మాట నమ్మను. ఒక ప్రాణం పోయిందన్న సంగతిని ఫొటోలోంచి చెరిపేయడం కంటే పెద్ద తప్పు పత్రికా వృత్తిలో ఏముంటుందో నాకు తెలియదు. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి మీ ప్రాజెక్టు మొదటి పేజీలో వేయండి.

ఆ తర్వాత ఓనర్ల దగ్గరికి వెళ్లండి. లా ప్రెన్సా, ఎల్ హెరాల్డో రెండూ ఒకే వ్యాపార కుటుంబానివి. లా త్రిబూనా ఎవరిదో కాదు, 1998 నుంచి 2002 వరకు అధ్యక్షుడిగా చేసిన కార్లోస్ ఫ్లోరెస్‌ది. జెలాయా దిగిపోయాక ఎవరికి మేలు జరిగింది, ఎవరి పేపర్ ఏం రాసింది అని ఒక కాగితం మీద రెండు వరసలు గీస్తే మీకే కనిపిస్తుంది. టెలిసుర్‌కీ అదే పరీక్ష పెట్టండి, అప్పట్లో దానికి డబ్బిచ్చిన వెనిజులా అధ్యక్షుడు చావెజ్ ప్రభుత్వం జెలాయాకు బాగా దగ్గర.

ప్రశ్న: ఎడిటర్ గారూ, నాయకుడి విమానంలోనే విలేకరులు కూడా ఎక్కి వస్తారు. పక్క సీట్లో కూర్చుని వచ్చినవాడు ఆయన గురించి ఉన్నదున్నట్టు రాస్తాడా? నాకైతే అదంతా ప్రచారమే అనిపిస్తుంది.

జవాబు: మీ అనుమానం న్యాయమైనదే, అయినా విలేకరి ఎక్కాలనే అంటాను. పాకిస్తాన్‌లో సైన్యం దించేసిన నవాజ్ షరీఫ్ 2007 సెప్టెంబర్ 10న లండన్ నుంచి ఇస్లామాబాద్‌లో దిగాడు. తిరిగి రావడానికి ఆయనకు హక్కుందని సుప్రీంకోర్టు అంతకు ముందు నెలలోనే చెప్పింది. అయినా కొన్ని గంటల్లోనే ఇంకో విమానం ఎక్కించి సౌదీలోని జెడ్డాకు పంపేశారు. విమానంలో ఆయనతో పాటు వచ్చిన విలేకరులే లేకపోతే, ఆయన ఇష్టపడి వెళ్లాడా, బలవంతంగా ఎక్కించారా అన్నదానికి ప్రభుత్వం చెప్పిందే మిగిలేది.

ఇంకో సంగతి. 1979 ఫిబ్రవరి 1న ఖొమేనీ పారిస్ నుంచి టెహ్రాన్ వచ్చిన ఎయిర్ ఫ్రాన్స్ విమానంలో వంద మందికి పైగా విలేకరులున్నారు (ఆయన పదవి పోయిన పాలకుడు కాదు, ఇరాన్ రాజు షా దేశం దాటించిన మతగురువు, కానీ ఇలాంటి రాకల గురించి మాట్లాడుకుంటే ఆ రోజును వదల్లేం). ఇన్నేళ్లకు ఇరాన్ వెళ్తున్నారు, ఏమనిపిస్తోంది అని ఏబీసీ విలేకరి పీటర్ జెన్నింగ్స్ అడిగితే ఏమీ అనిపించడం లేదని ఒక్క ముక్కలో తేల్చేశాడు. అభిమానులు ఆ జవాబుకు ఒక అర్థం చెప్పుకున్నారు, వ్యతిరేకులు ఇంకో అర్థం, ఇప్పటికీ ఆ వాదన నడుస్తూనే ఉంది. పక్కన మైకు పట్టుకుని ఒకడు ఉండబట్టే కదా ఆ మాట మనకు దక్కింది!

చిక్కు ఎక్కడంటే, విమానంలో ఉన్నవాడికి కింద రోడ్డు మీద ఏం జరుగుతోందో కనపడదు. ఒక మనిషి పైన ఉంటే ఇంకో మనిషి కింద ఉండాలి, ఇద్దరి వార్తలూ ఒకే చోట రావాలి. అంత ఖర్చు చాలా సంస్థలు పెట్టవు.

ప్రశ్న: అలాంటి సమయంలో రెచ్చగొట్టే వార్తలు వేస్తే రక్తపాతమే కదండీ. ప్రభుత్వం కొన్నాళ్లు చానళ్లు ఆపేస్తే తప్పేంటి?

జవాబు: తప్పే. మళ్లీ హోండురాస్‌కే వస్తాను. 2009 సెప్టెంబర్ 21న జెలాయా చడీచప్పుడు లేకుండా దేశంలోకి వచ్చి టెగుసిగల్పాలోని బ్రెజిల్ రాయబార కార్యాలయంలో తేలాడు. మొదట మిచెలెట్టి అదంతా అబద్ధమన్నాడు, జెలాయా నికరాగువాలో హోటల్ గదిలో ఉన్నాడన్నాడు. ఆయన ఆ మాట అంటుంటే జెలాయా ఎంబసీలోంచి కెమెరాల ముందు చెయ్యి ఊపుతున్నాడు. ప్రభుత్వం చెప్పిందే వార్తగా మిగిలి ఉంటే, రాజధాని మధ్యలో ఉన్న మనిషి ఇంకెక్కడో ఉన్నట్టే జనం నమ్మాల్సి వచ్చేది.

తర్వాత కర్ఫ్యూ పెట్టారు, విమానాశ్రయాలు మూసేశారు, ఎంబసీకి కరెంటూ నీళ్లూ కట్ చేశారు. లోపల చిక్కుకున్న ఫొటోగ్రాఫర్లు నేల మీద పడుకుంటూ పనిచేశారు. కుర్చీలు జరిపి వాటి మీద ఒరిగి, ఎప్పుడూ పెట్టుకునే ఆ పెద్ద కౌబాయ్ టోపీ ముఖం మీద కప్పుకుని జెలాయా నిద్రపోతున్న ఫొటో అలా వచ్చిందే. పౌరహక్కుల్ని 45 రోజులు నిలిపేస్తూ ప్రభుత్వం డిక్రీ తెచ్చింది, సెప్టెంబర్ 28 తెల్లవారుజామున సైనికులు రేడియో గ్లోబో మీదా 36వ చానల్ మీదా పడి పరికరాలు పట్టుకుపోయారు. జెలాయా వైపు మాటలు గట్టిగా వినిపిస్తున్నవి ముఖ్యంగా ఆ రెండే. రేడియో గ్లోబో ఇంటర్నెట్‌లోకి మారి నడిచింది. డిక్రీ మీద సొంత వర్గం నుంచే ఒత్తిడి రావడంతో మిచెలెట్టి వెనక్కి తగ్గాడు, మూతపడిన స్టేషన్లు అక్టోబర్‌లో మళ్లీ మొదలయ్యాయి.

రేడియో గ్లోబో కడిగిన ముత్యమని నేననడం లేదు. మూతపడడానికి కొద్ది రోజుల ముందే అందులో ఒక వ్యాఖ్యాత యూదుల మారణహోమాన్ని సమర్థిస్తున్నట్టు ఘోరంగా మాట్లాడి, తర్వాత క్షమాపణ చెప్పాడు. జెలాయా కూడా తన మీద విషవాయువులు వదులుతున్నారని, ఇజ్రాయెల్ కిరాయి సైనికులు చంపడానికి చూస్తున్నారని చెప్పాడు, అభిమాన మీడియా కొంత ఆధారం అడక్కుండానే దాన్ని మోసింది. పదవిలో ఉండగా 2007లో ఇదే జెలాయా, పది రోజుల పాటు రోజుకు రెండు గంటలు ప్రభుత్వ కార్యక్రమం వేసి తీరాలని టీవీలనూ రేడియోలనూ ఆదేశించాడు. మీడియా నోరు నొక్కాలన్న ఆలోచన ఆయనకూ కొత్త కాదు. ఇవన్నీ తెలిసి కూడా చానల్ మూసెయ్యొద్దనే అంటున్నాను, ఎందుకంటే ఒక వ్యాఖ్యాత తప్పు మాట్లాడితే అతని మీద కేసు పెట్టే దారుంది, సైనికుడు ట్రాన్స్‌మీటర్ ఎత్తుకుపోయాక ఆ రాత్రి కర్ఫ్యూలో ఎవరికి దెబ్బలు తగిలాయో అడిగే మనిషే ఉండడు. రక్తపాతం చానళ్లు ఆపితే ఆగదండీ, బయటికి తెలియడం మాత్రం ఆగుతుంది.

ప్రశ్న: చివరికి ఆయన నిజంగా తిరిగొచ్చాడా? నాకు ఎక్కడా చదివిన గుర్తు లేదు.

జవాబు: వచ్చాడు. 2010 జనవరి 27న కొత్త అధ్యక్షుడు పొర్ఫిరియో లోబో ప్రమాణం చేసిన రోజే జెలాయా ఎంబసీ వదిలి డొమినికన్ రిపబ్లిక్ వెళ్లాడు. కొలంబియా, వెనిజులా మధ్యవర్తిత్వంతో 2011 మేలో కార్తహేనాలో ఒప్పందం కుదిరింది, 28న టొంకొంతిన్‌లోనే దిగాడు, ఈసారి రన్‌వే ఖాళీగా ఉంది. ఆ ఒప్పందం పుణ్యమా అని హోండురాస్‌ను అమెరికా ఖండాల దేశాల సంస్థ జూన్ 1న మళ్లీ చేర్చుకుంది. కెమెరాలన్నీ ఆ టోపీ చుట్టూ, జెండాల చుట్టూ తిరిగాయి.

జూలైలో, జెలాయాను దించిన తీరును విచారించిన నిజనిర్ధారణ కమిషన్ నివేదిక వచ్చింది. జరిగింది ప్రభుత్వాన్ని కూలదోసిన కుట్రేనని, అధ్యక్షుణ్ని దించే అధికారం పార్లమెంటుకు లేదని చెప్పింది, కోర్టు మాట కాదని ఓటింగ్‌కు వెళ్లిన జెలాయా తప్పునూ వదల్లేదు. రెండేళ్లు ఒకరినొకరు తిట్టుకున్న రెండు పక్షాలకూ అందులో ఇబ్బంది ఉంది. మీకు గుర్తు లేకపోవడం మీ తప్పు కాదు, విమానం దిగిన రోజుకు దొరికిన చోటులో ఇసుమంత కూడా ఆ నివేదికకు బయటి పత్రికల్లో దొరకలేదు. జెలాయా భార్య జియొమారా కాస్ట్రో 2021 నవంబర్‌లో గెలిచి అధ్యక్షురాలయ్యాక ఆ కుటుంబం గురించి మళ్లీ ప్రపంచమంతా రాసింది. కాబట్టి పాత సంచికలు వెతికేటప్పుడు 2011 మే దగ్గర ఆగిపోకుండా జూలై కూడా తెరవండి.