పెళ్లి బంతిలో ఇన్సులిన్

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. మాది అమలాపురం దగ్గర పల్లె. తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది. ఈ మధ్యే ఇన్సులిన్ మొదలుపెట్టారు. మొన్న ఆడపడుచు కూతురి పెళ్లిలో పూతరేకు తీసుకుంటే మావారు అందరి ముందూ లాక్కున్నారు. అంతమందిలో సూది వేసుకోలేక ఆ పూట మానేశాను. ఇప్పుడు ఎక్కడికీ వెళ్లాలనిపించడం లేదు. నా మీద నాకే నమ్మకం పోయింది.

జవాబు: అమ్మా, ఆయన భయపడే ఆ పని చేసి ఉంటారు. కానీ ఆ భయం మిమ్మల్ని నలుగురిలో చిన్నబుచ్చేదాకా వెళ్లకూడదు.

ఇన్సులిన్ దాకా వచ్చిందంటే మీరు నోరు కట్టుకోలేదని కాదు. టైప్ 2 మధుమేహంలో ఏళ్లు గడిచేకొద్దీ క్లోమంలో ఇన్సులిన్ తయారీ తగ్గుతుంది. మాత్రలు చాలని రోజు చాలామందికి వస్తుంది. పెద్దవాళ్లు దీన్ని ఆఖరి దశ అంటారు, అననివ్వండి.

ధైర్యం వచ్చాక బయటికి వెళ్దామని కూర్చుంటే అది రాదు. ఇంట్లోనే మొదలుపెట్టండి. ఒక రోజు ఎప్పుడూ తినేంత అన్నం తిని, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు మీటరులో చూసుకోండి. మర్నాడు ఒక గరిటె తగ్గించి, ఆనపకాయ కూర పెంచి మళ్లీ చూడండి. పదిమంది చెప్పినదాని కంటే ఆ తేడా మీకు ఎక్కువ చెబుతుంది. చాలామందికి 180 లోపు ఉంటే మంచిది, మీ హద్దు డాక్టరును అడగండి. డోసు అలాగే ఉంచి అన్నం మరీ తగ్గించవద్దు. వణుకు, చెమటలు పట్టి 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్లీ పరీక్షించండి.

ఇక పెళ్లిళ్ల సంగతి. మన దగ్గర బంతి ఎప్పుడు లేస్తుందో, ఎప్పుడు కూర్చోబెడతారో ఎవరికీ తెలియదు. భోజనానికి ముందు వేసుకునే సూది అయితే, విస్తరి దగ్గర చోటు ఖాయమయ్యాకే వేసుకోండి. సూది వేసుకున్నాక భోజనం ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది. కుచ్చిళ్లు సర్దుకున్నంత సేపు గదిలోకి వెళ్తే చాలు. డాక్టరు చెప్పకుండా మాత్రం మానకండి.

మీవారికి వేరే పని అప్పగించండి. ‘నా కంచానికి కాపలా వద్దు, సాయంత్రం కాలవగట్టు మీద నాతో నడవండి’ అని ఏకాంతంలో, పెళ్లి గొడవ ఎత్తకుండా చెప్పండి. సగం పూతరేకు తిని ఆ పూట అన్నం కాస్త తగ్గించుకుంటారో, అసలు తినరో మీరే తేల్చుకోండి.

దిగులు, నిద్రలేమి రెండు వారాలు దాటితే ఆ మాటా డాక్టరుకు చెప్పండి. షుగరున్నవారిలో కుంగుబాటు ఎక్కువగానే కనిపిస్తుంది, దానికీ చికిత్స ఉంది.