హైదరాబాద్‌లో సగం మంది కూడా ఓటెందుకు వెయ్యరు? బద్ధకమేనా?

బద్ధకం ఉంది, కాదనను. 2023 నవంబర్ 30 అసెంబ్లీ ఎన్నికల్లో రాష్ట్రమంతా పోలింగ్ 71 శాతం దాటితే హైదరాబాద్ జిల్లా 48 దగ్గరే ఆగింది. 2020 జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లోనూ 46.55 శాతమే. కానీ శాతం కట్టేది ఓటరు జాబితాలోని పేర్ల మీద. తిరకాసంతా అక్కడే.

యూసుఫ్‌గూడ నుంచి అంబర్‌పేటకు అద్దెకు మారినవాడి ఓటు యూసుఫ్‌గూడలోనే ఉండిపోతుంది. సెలవు పూట అంత దూరం పోయేదెవరు? చనిపోయినవారి పేర్లు ఎవరూ చెప్పక అలాగే ఉంటాయి. సొంతూళ్లోనూ ఓటున్నవాళ్లు ఊరి బస్సెక్కుతారు (రెండుచోట్ల నమోదు చట్టవిరుద్ధం, అది వేరే సంగతి).

ఇల్లు మారితే నింపాల్సింది ఫారం 8. 2022 ఆగస్టుకు ముందు నియోజకవర్గం మారితే ఫారం 6 ఉండేది; ఆ అలవాటుతో అదే నింపితే పాత పేరు పోకుండానే కొత్తది చేరే ప్రమాదం. ఇప్పుడు 6 కొత్త ఓటర్లకే. పేరు తీయించడానికి 7. చిరునామాకు ఏడాదిగా ఉన్న కరెంటు, నీళ్ల లేదా గ్యాస్ బిల్లు పనికొస్తుంది. అద్దె ఒప్పందమైతే రిజిస్టరై ఉండాలి, ఇంటి ఓనర్లు మొహం చాటేసేది ఇక్కడే. దరఖాస్తుపై అభ్యంతరాలకు వారం గడువుంటుంది కాబట్టి నామినేషన్ల దాకా ఆగొద్దు.

ఇంకోటి: జాబితాలో పేరు లేకపోతే చేతిలో ఓటరు కార్డున్నా వెనక్కి పంపుతారు. ఓటరు స్లిప్పు ఒక్కటే చూపినా కుదరదు, గుర్తింపు కార్డు ఉండాల్సిందే.