ఆయిల్ సంపులో (ట్యాంకులో) మడ్డికి కిరోసిన్ వద్దు, మైదా ముద్ద మేలు

ప్రశ్న: గాజువాక ఆటోనగర్‌లో మాకు రేకులు వంచే హైడ్రాలిక్ ప్రెస్ ఉంది. ట్యాంకు 400 లీటర్లు, ఆయిల్ 68 గ్రేడు. వానలయ్యేసరికి ఆయిల్ మజ్జిగలా తెల్లబడింది, పంపు మోత పెరిగింది. కిరోసిన్ పోసి కాటన్ వేస్ట్‌తో తుడిచేయొచ్చా?

జవాబు: రెండూ వద్దు. కాటన్ వేస్ట్ దారాలు పంపు ఆయిల్ పీల్చుకునే చోట ఉండే సక్షన్ స్ట్రెయినర్ జాలీకి చుట్టుకుంటాయి. ఆయిల్ చాలక పంపులో బుడగలు పుట్టి చిట్లుతాయి. గులకరాళ్లు దొర్లినట్టు మోత వస్తే కారణం అదే. కిరోసిన్ మూలల్లో మిగిలి కొత్త ఆయిల్‌ని పల్చన చేస్తుంది. మూసిన ట్యాంకులో దాని ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు.

మెయిన్ ఆపి తాళం వేయండి. తాళంచెవి ట్యాంకు కడిగే మనిషి జేబులోనే ఉండాలి. ర్యామ్‌ని (రేకుని నొక్కే భాగాన్ని) పూర్తిగా దించండి. అక్యుములేటర్ (ప్రెషర్‌ని నిల్వ ఉంచే సీసా) ఉంటే మోటారు ఆగినా అందులో ప్రెషర్ నిలిచే ఉంటుంది. దాన్ని ట్యాంకులోకి వదిలి, గేజి సున్నా చూపాకే నట్టు మీద స్పానర్ వేయాలి.

ఆయిల్ 40 డిగ్రీల దగ్గర గోరువెచ్చగా ఉండగా వదిలితే మడ్డి కదిలి వస్తుంది. అడుగున మిగిలింది ప్లాస్టిక్ గీకుడుతో తీసి, అదే గ్రేడు ఆయిల్ కొంచెం పోసి కడిగి, దారాలు ఊడని గుడ్డతో తుడవండి. చివర్న మైదా ముద్ద. టర్బైన్ ఆయిల్ ట్యాంకులకీ వాడే పద్ధతే ఇది. చేతికి అంటనంత గట్టిగా కలిపి, వెల్డింగ్ మూలల్లో అద్ది ఎత్తాలి, రుద్దకూడదు. ముద్దకి నల్ల నలుసులు అంటడం ఆగేదాకా చేయండి. పిండి తునక ఒక్కటీ లోపల మిగలకూడదు.

డ్రమ్ములో వచ్చే కొత్త ఆయిల్‌ని శుభ్రమని నమ్మకండి. 10 మైక్రాన్ ఫిల్టర్ గుండా నింపి, లోడు లేకుండా అరగంట తిప్పండి.

ఆయిల్ తెల్లబడిందంటే నీళ్లు కలిసినట్టే. ఇంతకీ నీళ్లెలా వచ్చాయి? ట్యాంకు మూత అడుగున తుప్పు చూడండి. రాత్రి ట్యాంకు చల్లారుతూ బ్రీదర్ (ట్యాంకు గాలి పీల్చే మూత) గుండా సముద్రపు తేమగాలిని లోపలికి లాగుతుంది, ఆ తేమ మూతకి పట్టి ఆయిల్‌లోకి కారుతుంది. సిలికా జెల్ బ్రీదర్ పెడితే తగ్గుతుంది. వారం తిరక్కుండానే మళ్లీ తెల్లబడితే మాత్రం గాలిని అనుమానించకండి, ఆయిల్‌ని చల్లబరిచే నీటి కూలర్ ట్యూబు చిల్లుపడిందేమో చూడండి.

ప్రశ్న: మా సంపు పెద్దది, మనిషి దిగాలి. బల్బు పెట్టి దింపొచ్చా?

జవాబు: తగిన రక్షణ ఏర్పాట్లు లేకుండా ఇలాంటి చోట 24 వోల్టులు దాటిన చేతిదీపం వాడకూడదని 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పింది, అదే పాటించండి. ముందు గాలి పరీక్ష, నడుముకి బెల్టు, తాడు పట్టుకుని పైన ఒక మనిషి. ఇవి లేకుండా ఎవరినీ దింపవద్దు.

ప్రశ్న: పాత ఆయిల్ సెంట్రింగ్ వాళ్లు అడుగుతున్నారు, ఇవ్వొచ్చా?

జవాబు: కుదరదు. 2016 నిబంధనల్లో అది ప్రమాదకర వ్యర్థం. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వాలి, మామూలుగా 90 రోజులకి మించి నిల్వ ఉంచకూడదు. మడ్డి గుడ్డలు, మైదా ముద్దలు వేరే డ్రమ్ములో వేయండి.