సంగీత వాయిద్యాల మీద తయారుచేసినవాళ్ళ పేరు గానీ లోగో గానీ కనపడాలా?

పేరు ఉండాలి. కాకపోతే ఎవరి పేరు, ఎక్కడ అన్నదే అసలు గొడవ. అమ్మినవాళ్ళ పేరు కాదు, చేసినవాళ్ళ పేరు ఉండాలి, అది కూడా స్క్రూలు కొట్టి బిగించే రేకు మీద అస్సలు వద్దు. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే ఒక పేరు రేకు వల్ల నా వీణ ఏడాదిన్నర పాటు ఒక స్వరం సరిగ్గా పలకలేదు, ఆ ఏడాదిన్నరా తప్పు నా చేతిలోనే ఉందని నేను ఏడ్చాను.

మాది విజయనగరం. చిన్నప్పుడు మా గురువుగారి ఇంట్లో ఉన్న పాత వీణ మీదే నేర్చుకున్నా, ఇంట్లో ప్రాక్టీసుకి అంటూ వేరే వీణ లేదు. పెళ్ళయి హైదరాబాద్ వచ్చేశాక, పిల్లలు కొంచెం పెద్దవాళ్ళయ్యాక, 2015లో సొంతంగా ఒకటి కొనుక్కున్నా. ఇక్కడే ఒక పెద్ద షాపులో, 32 వేలకి. బొబ్బిలి వీణ మేడం, ఏకాండి, ఒకే పనస దుంగలోంచి కుండా దండీ యాళి ముఖం అన్నీ చెక్కింది, అతుకుల్లేవు అన్నారు. నాదం పలికే గుండ్రటి కుండ, మెట్లుండే పొడవాటి దండి, దాని చివర యాళి ముఖం, నిజమే, ఎక్కడా అతుకుల్లేవు. మరి ఎవరు చేశారండీ అంటే మాత్రం "మా వర్క్‌షాప్‌దే మేడం" అన్నారు, అప్పట్లో నేను కూడా పెద్దగా పట్టించుకోలేదు. కుండ మీద కప్పే పలక మీద, తీగలు ఆనే గుర్రానికి కాస్త పక్కగా, ఎదురుగా కూర్చున్నవాళ్ళకి కనపడేలా, కోడిగుడ్డు ఆకారంలో ఒక ఇత్తడి రేకు, దాని మీద నెమలి బొమ్మ, షాపు పేరు, ఫోన్ నంబరు. నాలుగు చిన్న స్క్రూలతో బిగించారు. మా అమ్మాయి దాన్ని చింతపండు పెట్టి తోమి మెరిపించేది.

2018 ఎండాకాలంలో మొదలైంది. పంచమం తీగ మీద మొదటి మెట్టు, అంటే శుద్ధ ధైవతం, అక్కడ మీటితే గరగరమని చప్పుడు. మిగతా స్వరాలన్నీ బాగానే ఉన్నాయి. తోడి రాగం వాయించేవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఆ ధైవతం లేకపోతే రాగం కుంటుతూ నడుస్తుంది. మొదట మెట్లని పట్టి ఉంచే మైనం ఎండకి మెత్తబడి మెట్టు కదిలిందనుకున్నా. తెలిసినాయన్ని ఇంటికి పిలిపించి మైనం మొత్తం తీయించి మళ్ళీ 24 మెట్లూ పెట్టించా, మేళం కట్టడం అంటాం కదా, అది. తగ్గలేదు. తీగ మార్చా. తగ్గలేదు. గుర్రం మీద రేకు అరిగిందేమో అని ఇంకొకాయన దాన్ని ఆకురాయితో రుద్దారు, దాంతో గరగర తగ్గకపోగా ఉన్న నాదం కూడా కాస్త పోయింది. కొన్న షాపుకి ఫోన్ చేస్తే తీసుకురండి చూస్తాం అన్నారు, వారం ఉంచుకుని, తీగలు శృతి చేసే బిరడాలు బిగించి పంపారు. చివరికి నా ఎడమచెయ్యి నొక్కడంలోనే లోపం ఉందేమో, వయసు వచ్చి వేళ్ళల్లో బలం తగ్గిందేమో అనుకుని తోడి వాయించడమే మానేశా. ఇది చదివేవాళ్ళకి చిన్న విషయం అనిపించొచ్చు గానీ రోజూ వాయించేవాళ్ళకి ఒక స్వరం పోవడం అంటే ఇంట్లో ఒక గది తాళం పడిపోయినట్టు.

2019 దసరా తర్వాత సిరిమానోత్సవానికి ఊరెళ్తూ వీణ కూడా పట్టుకెళ్ళా. రైల్లో దాన్ని సైడ్ బెర్తు మీద పడుకోబెట్టి నేను రాత్రంతా కాళ్ళు ముడుచుకుని కూర్చున్నా. సిరిమాను చూసి, మర్నాడు పొద్దున్నే కారు మాట్లాడుకుని బొబ్బిలి పక్కన గొల్లపల్లి వెళ్ళాం. తెలియనివాళ్ళకి చెప్తున్నా, బొబ్బిలి వీణ అంటాం గానీ చేసేది గొల్లపల్లిలో, సర్వసిద్ధి వారి కుటుంబాలు తరతరాలుగా అదే పనిలో ఉన్నాయి. వీధిలో అడుగుపెడితేనే పనస చెక్క వాసన, వాకిట్లో పసుప్పచ్చటి పొట్టు.

ఒక పెద్దాయన, అరవై దాటి ఉంటాయి, చాప మీద కూర్చుని వీణని ఒళ్ళోకి తీసుకున్నారు. నేను గబగబా మైనం అంటూ మెట్లంటూ ఏకరువు పెడుతుంటే చెయ్యెత్తి ఆపి, వీణ నా ముందు పెట్టి, "అమ్మా, ఆ ఒక్క సొరమే మీటుతూ ఉండండి, ఆపకండి" అన్నారు. నేను మీటుతూ కూర్చున్నా. ఆయన చూపుడువేలు ఒక్కొక్క చోటే ఆనిస్తూ వచ్చారు. బిరడాల మీద ఒక్కొక్కటిగా. యాళి దవడ కింద. దండి కింద ఉండే బుర్ర మీద. గుర్రం కాళ్ళ దగ్గర. గరగర అలాగే ఉంది. ఆ తర్వాత వేలు ఇత్తడి రేకు మీద పెట్టారు, అంతే, చప్పుడు ఠక్కున ఆగిపోయింది. వేలు తీస్తే గరగర, పెడితే లేదు. ఇంకోసారి. ఇంకోసారి. మావారు గుమ్మంలో నిలబడి నవ్వుతున్నారు గానీ నాకు మాత్రం కళ్ళనీళ్ళొచ్చేశాయి, ఏడాదిన్నర.

"ఏటమ్మా, ఈ రేకు మీరెట్టించారా?"

"లేదు బాబాయిగారూ, కొన్నప్పుడే ఉంది."

"మేం ఎట్టలేదు. పలక ఎంత మందం ఉండాలో వేలితో కొట్టి, ఇని ఇని చెక్కుతాం. దాని మీద మేకులు కొట్టేముందు మమ్మల్ని ఒక్క మాట అడగొద్దా?"

మనవడిని కేకేసి స్క్రూడ్రైవర్ తెప్పించారు. నాలుగు స్క్రూల్లో ఒకటి చేత్తో తిప్పితేనే ఊడొచ్చింది. పలక వణకడం కోసమే ఉంది, దాని మీద వదులుగా ఒక లోహపు రేకు ఉంటే సరిగ్గా ఏదో ఒక స్వరానికి అది కూడా వణుకుతుంది, నా ఖర్మకొద్దీ అది తోడి ధైవతం అయింది. ఆ నాలుగు చిల్లుల్లో మైనం కూరి, తుడిచి, ఇప్పుడు వాయించండి అన్నారు. ఆ ధైవతం నిలబడిన తీరు నేను రాయలేను. ఎంత మొత్తుకున్నా డబ్బులు తీసుకోలేదు, రేకు పీకినందుకు డబ్బులేంటమ్మా అన్నారు.

అప్పుడడిగా, బాబాయిగారూ ఇది మీరు చేసిందేనా అని. మెడ దగ్గర చెక్కిన ఆకుల మీద చెయ్యి తిప్పి, మా ఊరిదే, ఎవరి చెయ్యో మాత్రం చెప్పలేనమ్మా అన్నారు. మరి మీరు పేరు ఎందుకు వేసుకోరు అంటే ఆయన చెప్పిన మాట వినండి, ఈ సమాధానం అంతా రాయడానికి కారణం అదే. షాపులవాళ్ళు ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్తారట, పేరూ ఊరూ ఏమీ వేయొద్దని. వేస్తే కొన్నవాళ్ళు రెండోసారి నేరుగా ఇక్కడికే వస్తారు కదా.

అంటే ఏమిటన్నమాట, పేరు లేకపోవడం వినయం కాదు. చాలామంది అంటుంటారు, మన కళాకారులు పేరు కోరుకోరు, సరస్వతీ సేవగా చేస్తారు, లోగోలు అవీ పాశ్చాత్యుల అలవాటు అని. నాకు ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది. వాళ్ళు కోరుకోలేదని మీకెవరు చెప్పారు? 24 మెట్లు స్థిరంగా బిగించిన ఇప్పటి వీణ రూపం తంజావూరు రఘునాథ నాయకుడి కాలంలో, అంటే 1600 తర్వాత, వచ్చిందంటారు, అందుకని రఘునాథ వీణ అని కూడా పిలుస్తారు. రాజుగారి పేరు నాలుగొందల ఏళ్ళు నిలిచింది. ఆ మొదటి దండి చెక్కినవాడి పేరు ఎవరైనా చెప్పండి చూద్దాం.

జిఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకు అని చెప్పే భౌగోళిక గుర్తింపు, వచ్చింది కదా అంటారు. వచ్చింది, మంచిదే, బొబ్బిలి వీణకీ ఉంది తంజావూరు వీణకీ ఉంది. 1999 చట్టం అది. కానీ అది కాపాడేది ఊరి పేరుని. ఇంకో ఊళ్ళో చేసి బొబ్బిలి అని అమ్మకుండా చూడటానికి పనికొస్తుంది, సరే. నా వీణకి రేపు దండి వంగితే ఎవరి దగ్గరికి వెళ్ళాలో అది చెప్పదు కదా.

ఇంకా బాధ కలిగించేది ఆ చిన్న వీణలు. జ్ఞాపికలుగా ఇస్తారే, అద్దాల పెట్టెలో జానెడు వీణ, అవి కూడా గొల్లపల్లి వాళ్ళే చేస్తారు, వాయించే పెద్ద వీణలకంటే అవే ఎక్కువ పోతాయి, వాటి మీదే చాలా ఇళ్ళు గడుస్తున్నాయి. సభల్లో చూడండి, ఆ పెట్టె కింద ఫలానా సంఘం వారు ఫలానా వారికి సమర్పించినది అని బంగారు అక్షరాలు. ఇచ్చినవాళ్ళ పేరు ఉంది, పుచ్చుకున్నవాళ్ళ పేరు ఉంది, తేదీ ఉంది. చేసినవాళ్ళ పేరుకి అర అంగుళం జాగా దొరకలేదా? కచేరీ బ్యానర్లూ అంతే, స్పాన్సర్ల లోగోలు వరసగా పేర్చి విద్వాంసుడి పేరు మూలకి తోస్తున్నారు, వాయిద్యం చేసినవాళ్ళ సంగతి ఇంకెవరు అడుగుతారు.

మృదంగం సంగతి చూడండి. పాల్ఘాట్ మణి అయ్యర్ గారి మృదంగాలు చేసింది పర్లాండు అనే తంజావూరు ఆయన. మణి అయ్యర్ గారి పేరు తెలియని సంగీతాభిమాని ఉండరు, పర్లాండు పేరు తెలిసినవాళ్ళు ఎంతమంది? తోలు ఎంచుకుని, వార్లు లాగి, కరణ, అంటే మధ్యలో ఉండే ఆ నల్లటి ముద్ద, పొర మీద పొర రుద్ది పెట్టిన చేతిదే కదా సగం నాదం. సభలో గాత్రం ఫలానా, వయోలిన్ ఫలానా, మృదంగం ఫలానా అని చదువుతారు కదా, దాని పక్కన "ఈ మృదంగం చేసినది ఫలానా" అని ఇంకొక్క వాక్యం చదివితే ఎంతసేపు పడుతుంది? నాలుగు సెకన్లు. నన్నడిగితే వాయిద్యం మీద పెద్ద అక్షరాల కంటే ఇది ముఖ్యం.

వయోలిన్ వాళ్ళ పద్ధతి నాకు నచ్చుతుంది. పేరు బయట ఏమీ ఉండదు, లోపల వెనక చెక్కకి చిన్న కాగితం అంటించి ఉంటుంది, పలక మీద ఉండే పొడవాటి సందులోంచి తొంగి చూస్తే కనపడుతుంది. ఇటలీలో వయోలిన్లు చేసిన స్ట్రాడివారి కూడా అలాగే పేరూ, ఊరు క్రిమోనా, చేసిన సంవత్సరం వేసి అంటించాడు. 1737లో పోయిన మనిషి, ఇవాళ్టికీ ఏ వయోలిన్ ఏ ఏడు చేశాడో మాట్లాడుకుంటున్నారంటే ఆ కాగితం కూడా కారణమే. దొంగ కాగితాలు కూడా వేలకొద్దీ ఉన్నాయి, నాకు తెలుసు, మా గురువుగారింట్లో ఉన్న వయోలిన్‌లోనే లాటిన్ అక్షరాల్లో ఆ పేరు ఉండేది, కిందే చిన్నగా మేడ్ ఇన్ జర్మనీ అని ఉండేది. దొంగ నోట్లు ఉన్నాయని నోట్లే మానేయం కదా. పెద్ద కచేరీ పియానోలకి మాత్రం స్టైన్‌వే అని పక్క చెక్క మీద జనం వైపుకి పెద్దగా రాస్తారు, గిటార్లకి తల మీద ఫెండర్ అనో గిబ్సన్ అనో ఉంటుంది. అవి కంపెనీలు, వాళ్ళ ప్రచారం వాళ్ళది, ఆ సంగతి నాకనవసరం. మా మేనల్లుడు గిటార్ కొనేటప్పుడు మీటకముందే తల మీద పేరు చూశాడు, అది మాత్రం నాకు నచ్చలేదు.

ఎక్కడ వేయాలంటారా? వీణకైతే కుండ అడుగున, నేలకి ఆనేచోటుకి కాస్త పైన, ఉలితోనే చెక్కాలి. స్క్రూ వద్దు, రేకు వద్దు, స్టిక్కర్ అసలే వద్దు. పేరు, ఊరు, సంవత్సరం. యాళికి పళ్ళు చెక్కగలిగినవాళ్ళకి పది అక్షరాలు ఒక లెక్కా. షాపువాళ్ళు పేరు వేసుకోవాలంటే బిల్లు మీద వేసుకోండి, సంచీ మీద వేసుకోండి, ఎవరూ వద్దనరు. కొనేవాళ్ళు కూడా ఒక పని చేయాలి, ఎవరు చేశారో చెప్తేనే కొంటాం అని అడగాలి. నేను 2015లో అడిగి ఊరుకున్నాను, ఇంకో ప్రశ్న వేసి ఉండాల్సింది.

ఒక చిన్న సాయం. నా వీణ మెడ దగ్గర తీగలా సాగే ఆకులున్నాయి, ప్రతి మూడో ఆకు కొస వెనక్కి మడిచినట్టు చెక్కారు. యాళి నాలుక మామూలుగా అందరూ చెక్కేదానికంటే పొట్టిగా, కాస్త ఎడమవైపుకి తిరిగి ఉంటుంది. 2015కి ముందు చేసింది. గొల్లపల్లిలో అలా చెక్కే చెయ్యి ఎవరిదో బొబ్బిలి వైపు వాళ్ళెవరికైనా తెలిస్తే దయచేసి నాకు రాయండి. వచ్చే దసరాకి మళ్ళీ వెళ్తున్నాం, ఆయన ఉంటే ఆయన చేత, లేకపోతే వాళ్ళ పిల్లల చేత, కుండ అడుగున ఆ పేరు చెక్కించుకుంటా.