పెద్దయ్యాక సంక్రాంతి అంటే మీకు ఏమిటి?

నాకు పండగ జనవరిలో కాదు, నవంబరు మధ్యలోనే మొదలవుతుంది. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు ఉదయం 8 గంటలకు తెరుస్తారు. సికింద్రాబాద్ నుంచి శ్రీకాకుళం రోడ్‌కి స్లీపర్ చూస్తుండగానే వెయిటింగ్ లిస్టులోకి పోతుంది. (స్టేషన్ పేరు శ్రీకాకుళం రోడ్డే గానీ, ఉన్నది ఆమదాలవలసలో.) ఈ టెన్షన్ ఒకప్పుడు మా నాన్నది.

చిన్నప్పుడు భోగి అంటే మంటలో పిడకల దండ వెయ్యడం, అంతే. సంక్రాంతి రోజు మాకు పెద్దలకి పెట్టుకునే రోజు కూడా. పోయినవాళ్ల ఫొటోల ముందు కొత్త బట్టలు పెట్టి, వండినవన్నీ ఆకులో వడ్డించి, ధూపం వేసి, కాసేపు గది తలుపు దగ్గరగా వేస్తాం. అప్పట్లో ఆ తలుపు ఎప్పుడు తీస్తారా, గారెలు ఎప్పుడు పెడతారా అని చూసేవాణ్ణి. మూడేళ్లుగా అక్కడ పెట్టే పంచె కొనేది నేనే. షాపువాడు జరీ అంచు చూపిస్తాడు. నాన్నకి సన్నంచే ఇష్టం.

అరిసెల పాకం మాత్రం ఇప్పటికీ అమ్మే చూస్తుంది. నీళ్లలో వేసిన చుక్క మెత్తగా ఉండ కడితేనే పిండి పోయనిస్తుంది. కనుమ రాత్రికే నాకు తిరుగు రైలు.